పేళ్ళ పుస్తకంలో ఖాళీ గడి

ఆ రోజు ఇంట్లో ఐదుగురు ఉన్నారు.

వరండాలో చాప మీద కూర్చుని గాలం కర్రలకు రింగులు కడుతున్న నాన్న. వంటగదిలో ఒక పొయ్యి మీద కూర, పక్క పొయ్యి మీద వేడినీళ్ళలో జిగురు డబ్బా పెట్టుకుని, ఒకదాని గరిటె ఇంకోదాన్లో పడకుండా కాపలా కాస్తున్న అమ్మ. నడవాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ, వార్తలు చప్పగా ఉన్నాయని సొంతవి కొన్ని కలిపి పైకి వినిపిస్తున్న బాబాయి. చివరి గదిలో, తలుపు వైపు వీపు పెట్టకుండా గోడకు ఆనుకుని పనిచేస్తున్న పిచ్చుక. ఈ పిచ్చుకకు పదిహేనేళ్ళు. పిలిస్తే పలకదు, పలికినా వినిపించదు, చుట్టాలొస్తే తలుపు చాటుకు పోతుంది. బాబాయి ముద్దుకు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది.

ఐదో మనిషి నానమ్మ. ఆవిడ పోయి ఐదు నెలలైంది. అయినా లెక్కలో వేయక తప్పదు. పదకొండు అయ్యేసరికి ఆవిడ పనిలోకి వచ్చేస్తోంది మరి.

ఆ ఇంట్లో పని గాలం కర్రలు తయారు చేయడం. కర్రలంటే చెట్టు కర్రలు కావు. కార్బన్ పోగులు జిగురులో చుట్టి కాల్చిన నల్లటి గొట్టాలు ఫ్యాక్టరీ నుంచి కట్టలు కట్టలుగా వస్తాయి. మొదట్లో వేలంత లావు, చివర అగ్గిపుల్లంత సన్నం. రింగులు ఉండవు, పిడి ఉండదు. వాటిని ఇంట్లో అందరూ బోడి కర్రలు అంటారు. అమ్మ వాటికి పిడి అతికిస్తుంది, నాన్న రింగులు కట్టి వార్నిషు పూస్తాడు. అప్పుడది గాలం కర్ర అవుతుంది. కానీ వాటన్నిటికంటే ముందు ఆ బోడి కర్ర బాగుందా లేదా అని చూడాలి. దారిలో ఎక్కడో లారీలో ఒక దెబ్బ తగిలి ఉంటుంది. పైకి ఏమీ కనబడదు. లోపల పోగులు చిట్లి ఉంటాయి. అలాంటి కర్రను వంచితే విరగదు, పేలుతుంది. పేలితే దాని పేళ్ళు వెంట్రుకల్లా సన్నగా, సూదుల్లా వాడిగా నలువైపులా ఎగురుతాయి.

చూడటం నానమ్మ పని. నలభై ఏళ్ళు అదే చేసింది, వెదురు కర్రల రోజుల నుంచీ. ఆవిడ పద్ధతిలో నాలుగు మెట్లు ఉండేవి. మొదటిది దూది. బోడి కర్ర మీద మొదలు నుంచి చివరిదాకా దూది ఉండను మెల్లగా లాగాలి. ఎక్కడైనా పోగు లేచి ఉంటే దూది పీచు అక్కడ పట్టుకుంటుంది. రెండోది దీపం. కర్రను ఏటవాలు వెలుగులో తిప్పుతూ పోతే నెర్రె ఉన్నచోట మెరుపు చెదురుతుంది. మూడోది చెవి. కర్రను రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి కొట్టి వినాలి. నానమ్మ వేలికున్న ఇత్తడి ఉంగరంతో కొట్టేది. మంచి కర్ర టింగ్ మంటుంది. దెబ్బతిన్న కర్ర గొంతు పట్టేసిన మనిషిలా పలుకుతుంది.

"చేత్తో మాత్రం తడమొద్దు అమ్మడూ," అనేది నానమ్మ. "చేత్తో తడిమేవాళ్ళకి నా గదిలో చోటు లేదు."

ఆ మూడూ అయ్యాక చూసే పుస్తకంలో, కర్ర మీదున్న నంబరు ఎదురుగా మూడు టిక్కులు పెట్టి, అప్పుడు కర్ర మొదట్లో తెల్ల దారం కట్టేది. నాలుగో మెట్టు వంపు. అది బాబాయి పని. గదిలోంచి అందర్నీ పంపేసి, తలుపు మూసుకుని, పేళ్ళు కంట్లో పడకుండా కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క కర్రనూ విల్లులా వంచి చూస్తాడు. తెల్ల దారం లేని కర్ర ముట్టుకోడు. దారం ఉంటే అనుమానం లేకుండా ముఖం దగ్గరకు తెచ్చి వంచుతాడు.

అనుమానం లేకుండా వంచబట్టే ఐదేళ్ళ క్రితం ఒకటి పేలింది. బాబాయి కుడి కన్ను పోయింది. అప్పట్లో కళ్ళజోడు అలవాటు లేదు.

"ఫ్యాక్టరీ వాళ్ళ తప్పు," అని నాన్న తేల్చేశాడు. ఇల్లంతా అదే అంది. నానమ్మ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ రోజూ పదకొండింటికి గదిలోకి వెళ్ళి, అప్పటికే చూసేసిన కర్రలను కూడా మళ్ళీ వరసగా కొట్టి వినేది. టింగ్. టింగ్. కాస్త ఆగి, టింగ్. చనిపోయే ముందు రోజు కూడా గోడ పట్టుకుని వెళ్ళి కొట్టింది.

ఆవిడ పోయాక ఉంగరాన్ని దారానికి కట్టి గదిలో మేకుకు తగిలించారు. ఎవరు తగిలించారో గుర్తులేదు కానీ, తియ్యాలని మాత్రం ఎవరికీ అనిపించలేదు. చూసే పని పిచ్చుకకు వచ్చింది, నానమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది ఆ పిల్లే కనుక. తను ఆ ఉంగరం ముట్టుకోలేక పెన్సిలుతో కొట్టి వినేది.

ఆ పని పిచ్చుకకు ప్రాణం. బయట ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు. కర్రలు పలుకుతాయి, తను వింటుంది. ఇంట్లో తన మాటకు విలువున్న చోటు అదొక్కటే. "ఇది వద్దు" అని మెల్లగా అంటే చాలు, నాన్నంతటి మనిషి మారు మాట్లాడకుండా ఆ కర్ర పక్కన పెట్టేస్తాడు.

కానీ పదకొండింటికి గదిలో ఆ చప్పుడు మొదలయ్యేది.

"గాలేనమ్మా అది," అనేవాడు నాన్న. "కిటికీలోంచి గాలొస్తే ఉంగరం ఊగి పక్కనున్న కర్రకు తగుల్తుంది. అంతే."

"గాలి పదకొండింటికే ఎందుకొస్తుంది అన్నయ్యా?" అనేవాడు బాబాయి పేపరు చాటు నుంచి. "దానికీ డ్యూటీ టైముందా?" అని నవ్వేవాడు. నవ్వేవాడు గానీ, కుర్చీ మాత్రం ఆ గది తలుపు కనబడకుండా తిప్పి వేసుకునేవాడు.

ఆ రోజు పడవాయన కర్రలు నలభై చూడాలి. పడవాయన అంటే సెలవు రోజుల్లో పిల్లలను పడవెక్కించి చేపలు పట్టడం నేర్పే మనిషి. అన్నీ పొట్టి కర్రలు, తేలికవి. సాయంత్రం ఐదింటికి వచ్చి, బాగున్నవి తనే ఎంచుకుని, పిడికి రంగులు చెప్పి వెళ్తానన్నాడు. ఆలోపు బాబాయి వంచి చూడాలి, దానికంటే ముందు పిచ్చుక చూడాలి.

"పన్నెండుకల్లా అయిపోవాలమ్మా," అన్నాడు నాన్న పొద్దున్నే.

ఒక్కో కర్రకు ఐదు నిమిషాలు. తొమ్మిదింటికి కూర్చుంటే పన్నెండుకు అవుతుందా? పిచ్చుకకు ఒక ఆలోచన వచ్చింది. దారం కట్టడానికే ఒక నిమిషం పడుతోంది, కత్తెర తియ్యి, కొలువు, ముడెయ్యి, కత్తిరించు. అన్నీ ఒకేసారి కట్టేస్తే చెయ్యి ఆడి తొందరగా అవుతుంది. ముందు నలభైకీ దారాలు కట్టేసి, తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే సరిపోతుంది కదా! ఎలాగూ చూస్తుంది కదా!

అలాగే చేసింది. పది నిమిషాల్లో నలభై కర్రలకూ తెల్ల దారాలు. స్టాండులో వరసగా నిలబడి, చూసేసినట్టే ఉన్నాయి.

ఇరవై నాలుగు దాకా పద్ధతిగానే సాగింది. దూది, దీపం, చెవి, మూడు టిక్కులు. ఇరవై ఐదో దాన్ని చేతిలోకి తీసుకోబోతుండగా వెనకాల, మేకు దగ్గర, టింగ్ మంది.

పిచ్చుక కదల్లేదు. కిటికీ వైపు చూసింది. పొద్దున ఎండ పడుతోందని తనే మూసింది. రెక్కలకు గడియ ఉంది.

టింగ్. కాస్త ఆగి, టింగ్.

ఉంగరం వైపు చూడలేదు. చూసి, అది ఊగకుండా ఉంటే? ఆ ఊహకే కాళ్ళు వాటంతటవే లేచాయి. వెళ్ళి పెరట్లో బావి గట్టు మీద కూర్చుంది. అక్కడికీ వినిపిస్తోందో, చెవుల్లో ఉండిపోయిందో తెలియలేదు.

"అయిందామ్మా?" అని వరండాలోంచి నాన్న కేక.

"ఊఁ," అంది. ఆ 'ఊఁ' ఎందుకందో తనకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

అన్నాక ఇక లేవక తప్పలేదు. గదిలోకి వెళ్ళింది. ఇంకా పదహారు ఉన్నాయి. గంటకు పైగా ఆ గదిలో కూర్చోవాలి, ఆ మేకు పక్కన. తన వల్ల కాలేదు. నాలుగేసి కర్రలు గుప్పిట పట్టుకుని, దూది లేకుండా, అరచెయ్యి పైనుంచి కిందికి గబగబా రాసేసింది. నానమ్మ ఏ పని చేయొద్దందో సరిగ్గా అదే. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. మధ్యలో ఏ గుప్పిట దగ్గరో బొటనవేలి మెత్తలో చురుక్కుమంది. అన్నీ అయ్యాక చెయ్యి విదిలిస్తే పక్కన ఆనించినవాటికి తగిలింది. పదహారు కర్రలూ నేల మీద పడి కలిసిపోయాయి. ఏరి స్టాండులో పెట్టింది. పుస్తకంలో ఇరవై ఐదు నుంచి నలభై దాకా, ఒక్కోదానికి మూడేసి, నలభై ఎనిమిది టిక్కులు వరసగా పెట్టి, పరుగున బయటపడింది.

తర్వాత చూసుకుంది. బొటనవేలిలో నల్ల గీత. పెన్సిలుతో గీసినంత సన్నం. తుడిస్తే పోలేదు.

అంటే ఆ పదహారులో ఒకదానికి పోగు లేచి ఉంది. దానికి తెల్ల దారం ఉంది. తిన్నాక బాబాయి దాన్ని ముఖం దగ్గరకు తెచ్చుకుని వంచుతాడు. బాబాయికి ఉన్నది ఒక్క కన్ను.

చెప్పెయ్యాలి. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. "చిన్నపిల్ల, దీనికి ఈ పని అప్పుడే ఎందుకిచ్చాం" అంటాడు నాన్న. గది పోతుంది. కర్రలు తనతో మాట్లాడవు ఇక. చెప్పకపోతే?... కళ్ళజోడు ఉంటుంది కదా అనుకుంది. ఆ జోడు ఒక పక్క పగిలి, తాడుతో కట్టి ఉందని గుర్తొచ్చింది.

భోజనాల దగ్గర పిచ్చుక ఎడం చేత్తో చెంచా పట్టుకుంది.

"ఏంటి, పిచ్చుక ఇవాళ చెయ్యి మార్చింది?" అన్నాడు బాబాయి. ఆయనకున్న ఒక్క కన్నూ ఇద్దరి పని చేస్తుంది. "వదినా, నీ కూతురు కుడి చెయ్యి ఎవరికైనా అద్దెకిచ్చిందేమో కనుక్కో."

"నువ్వు ముందు తిను," అంది అమ్మ. "పొద్దున్నుంచి ఆ పేపరు చదివి చదివి మా బుర్రలు తిన్నావు, ఇంకా ఆకలేనా?"

"సగం కన్నుతో చదివాను వదినా, సగం ఆకలే వేసింది. సినిమా హాల్లో కూడా సగం టికెట్టు ఇమ్మంటే ఇవ్వట్లేదు, ఏం న్యాయం చెప్పు."

అందరూ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. అమ్మ నవ్వుతూనే చెయ్యి చాచి, పిల్ల కుడి మణికట్టు పట్టుకుని వెలుగులోకి లాగింది. నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"ఇందాక."

"నొక్కావా?"

లేదన్నట్టు తలూపింది.

"నయం. నొక్కితే లోపలే ముక్కలవుతుంది. వెదురు పేడైతే ఉబ్బి దానంతటదే పైకొస్తుంది. ఈ నల్లది రాదు. ఉన్నచోటే ఉండిపోతుంది, పైన చర్మం మూసుకుపోతుంది."

అమ్మ ఆలస్యం చేయలేదు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో వేలు నానబెట్టింది. తుడిచి, టేపు ముక్క అతికించి పోగు వాలిన వైపు నుంచి లాగింది. రాలేదు. సూదిని మంటలో కాల్చి, టేబుల్ లైటు పక్కకు వంచి, భూతద్దం నాన్నకు పట్టుకోమని ఇచ్చి, చర్మాన్ని పైపైన మాత్రం విడదీసింది. పిచ్చుక ఎటో చూస్తూ కూర్చుంది. చివరికి సన్న పట్టకారుతో లాగితే వచ్చింది, కనురెప్ప వెంట్రుకంత.

"చూడు, దీని కోసమా ఇంత రభస," అని అమ్మ దాన్ని వెలుగులో తిప్పి చూసి, అలమరలోంచి పేళ్ళ పుస్తకం తీసింది.

ఆ పుస్తకం కూడా నానమ్మ పెట్టిన పద్ధతే. ఆ ఇంట్లో ఎవరికి పేడు గుచ్చుకున్నా, తీసిన పేడును పారేయరు. టేపు కింద పెట్టి పుస్తకంలో అతికిస్తారు. పక్కన నాలుగు గడులు: ఏ రోజు, ఎవరికి, ఎక్కడ, ఏ కర్ర. పేడు దొరికిందంటే అది ఊడొచ్చిన కర్ర ఇంట్లోనే ఎక్కడో ఉందని అర్థం. ఆ నంబరు రాసేదాకా ఏ పనీ ముందుకు సాగకూడదు.

అమ్మ మూడు గడులు నింపి కలం కూతురి చేతికిచ్చింది. "నంబరు రాయి."

పిచ్చుక కలం పట్టుకుంది. ఏదో ఒకటి రాసేయొచ్చు. ఇరవై ఏడు. ముప్పై మూడు.

"చూసి రాస్తా," అంది.

"పక్కన పెట్టావు కదా దాన్ని?" అన్నాడు నాన్న.

"ఊఁ."

ఇది రెండో 'ఊఁ'. నాన్న సరేనని వరండాలోకి, అమ్మ గిన్నెలతో పెరట్లోకి వెళ్ళిపోయారు. బాబాయి ఒళ్ళు విరుచుకుని లేచి, గోడకున్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

పిచ్చుక ఆ వైపు చూడలేక పుస్తకంలో పేజీలు తిప్పింది. టేపుల కింద పేళ్ళు. వెదురువి పసుపు పచ్చగా, కార్బన్‌వి నల్లగా. నాన్న బొటనవేలు, నూట మూడు. అమ్మ అరచెయ్యి, డెబ్బై ఆరు. మళ్ళీ నాన్న, మళ్ళీ నాన్న. అన్నిటికీ నంబర్లున్నాయి. ఇంకో పేజీ తిప్పి ఆగిపోయింది. టేపు కింద గోరంత పేడు. నానమ్మ గుండ్రటి చేతిరాత. ఎవరికి: చిన్నోడికి. ఎక్కడ: కుడి కన్ను. ఏ కర్ర అన్న గడిలో ఏమీ లేదు.

ఒకరి కన్ను తీసిన కర్ర నంబరు తెలియకపోవడమేమిటి? పేలిన కర్ర బాబాయి చేతిలోనే ఉండి ఉంటుంది కదా!

చివరి పేజీలో తన గడి. అదీ ఖాళీ. పుస్తకం మొత్తంలో ఖాళీలు రెండే.

నడవా చివర తలుపు కిర్రుమంది. బాబాయి ఆ గదిలోకి వెళ్తున్నాడు.

పిచ్చుక పరుగెత్తింది. జన్మలో అంత గట్టిగా అరిచి ఉండదు. "బాబాయ్!"

బాబాయి అప్పటికే ఒక కర్ర తీసి చేతిలో ఆడిస్తున్నాడు. "ఏంటే, ఇల్లు తగలబడిందా? నీకు గొంతుందని ఇవాళే తెలిసింది."

"వంచొద్దు."

"ఏం?"

"వంచొద్దు బాబాయ్." చొక్కా పట్టుకుంది. బాబాయి కర్రను జాగ్రత్తగా స్టాండులో పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, నేల మీద కూర్చున్నాడు, పిల్ల ముఖం ఎత్తున తన ముఖం ఉండేలా.

"మెల్లగా చెప్పు. నాకు చెవులు రెండూ ఉన్నాయి."

చెప్పింది. ముందే దారాలు కట్టడం, టింగ్ మనడం, పారిపోవడం, అరచెయ్యి రాయడం, టిక్కులు. చెప్పినంతసేపూ మేకు వైపు చూడలేదు. బాబాయి కూడా చూడలేదు.

అంతా విన్నాక ఆయన ఒక కర్రకున్న తెల్ల దారాన్ని వేలితో తిప్పి చూశాడు. తిడితే బాగుండుననిపించింది పిచ్చుకకు.

"ముందు దారం కట్టావా," అన్నాడు చివరికి. అడిగినట్టు కాదు. "ఆవిడా అదే చేసింది."

"ఎవరు?"

"మా అమ్మ. ఆ రోజు కట్టలు రెండొచ్చాయి, సాయంత్రానికి ఇవ్వాలి. అన్నిటికీ ముందే దారం కట్టేసింది, తర్వాత చూద్దాంలే అని. ఎవరో పిలిస్తే లేచెళ్ళింది. వచ్చాక ఒకటి వదిలేసింది. నేనది వంచాను." బాబాయి చెయ్యి తెలియకుండానే కుడి కన్ను మీదికి వెళ్ళింది. "ఆస్పత్రి నుంచొచ్చాక చూసే పుస్తకం తీశాను. ఆ నంబరు ఎదురుగా టిక్కుల్లేవు. దొంగ టిక్కులు కూడా పెట్టలేదు పాపం. నీకున్న తెలివి ఆవిడకి లేదు."

పిచ్చుక తల దించుకుంది.

"అడగలేదా నువ్వు?"

"ఎలా అడుగుతానే? తనే చెప్తుందని చూశాను. ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది. ఆవిడ రోజూ ఈ గదిలోకొచ్చి కొట్టేది. నేను రోజూ అక్కడ కుర్చీలో కూర్చుని వినేవాణ్ణి. పేపరు అడ్డం పెట్టుకుని. ఐదేళ్ళు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు." ముక్కు తుడుచుకున్నాడు. "ఒక్క మాట. ఒక్క మాటంటే, పోనీలే అమ్మా అనేసి ఉండేవాణ్ణి. నేనే ముందు అనుండొచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది. ఇప్పుడనిపిస్తే ఏం లాభం?"

లేచాడు. "సరే పద. ఆ నలభై ఎనిమిది టిక్కులూ కొట్టెయ్. పదహారు దారాలూ తెంపు. పడవాయనొచ్చేలోపు ఇంకా రెండున్నర గంటలుంది."

"నువ్వూ ఉంటావా?"

"మరి ఈ గదిలో నిన్నొక్కదాన్నీ వదుల్తానా?"

దొంగ టిక్కులన్నీ ఒకే గీతతో కొట్టేసింది. దారాలు కత్తిరించింది. బాబాయి కర్ర పట్టుకుంటే తను దూది లాగింది. ఇరవై ఐదు. ఇరవై ఆరు. దూది, దీపం, చెవి, టిక్కులు, అప్పుడు దారం. ఎక్కడా తొందరపడలేదు. ముప్పై ఒకటో కర్ర మీద, మొదలు నుంచి రెండు జానల పైన, తెల్లటి దూది పీచు ఒకటి పట్టుకుని నిలిచిపోయింది. ఊదితే రెపరెపలాడింది కానీ రాలేదు.

దీపం కింద తిప్పితే నెర్రె వేలి కణుపంత ఉంది. పిచ్చుక దాన్ని రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి పెన్సిలుతో కొట్టింది. ఆ గొంతు వినగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇది నా ముఖానికి ఇంత దగ్గరగా ఉండేది," అని బాబాయి జాన కొలిచి చూపించాడు. అందులో నవ్వు లేదు.

మిగతా తొమ్మిదీ బాగున్నాయి. పిచ్చుక వెళ్ళి పేళ్ళ పుస్తకం తెచ్చి తన గడిలో ముప్పై ఒకటి అని రాసింది. మూయబోతుంటే బాబాయి అడ్డుపెట్టాడు. పేజీలు వెనక్కి తిప్పాడు. ఏ పేజీలో ఉందో వెతుక్కోలేదు.

"రాయి. పంతొమ్మిది."

"నేనా?"

"ఆవిడ దగ్గర పని నేర్చుకున్నది నువ్వు. నువ్వే రాయి."

నానమ్మ గుండ్రటి అక్షరాల పక్కన, ఆ గడిలో, పిచ్చుక పంతొమ్మిది వేసింది. సిరా ఆరేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"మీ నాన్నకి నువ్వే చెప్పాలి," అన్నాడు బాబాయి. "నేను చెప్పను. కానీ నువ్వు చెప్పకుండా ఊరుకుంటే నేను ఊరుకోను. ఈ ఇంట్లో ఊరుకోవడం ఇప్పటికే ఎక్కువైంది."

"చెప్తా." ఈసారి 'ఊఁ' అనలేదు. "నాకు ఈ పని... ఇక ఇవ్వరా?"

బాబాయి లేచి మేకు దగ్గరికి వెళ్ళాడు. ఐదు నెలలుగా ఎవరూ ముట్టని ఉంగరాన్ని తీసి, దారం పళ్ళతో తెంపి, చొక్కాకు రుద్ది, పిచ్చుక వేలికి తొడిగాడు. వదులుగా ఉంది. గుప్పిట మూసింది, జారిపోకుండా.

"పెన్సిలుతో కొడితే సగం గొంతే వినిపిస్తుంది. రేపట్నించి దీంతో కొట్టు," అన్నాడు. "ఇప్పుడు బయటికి నడు. ఈ ముప్పై ఒకటిని విరిచెయ్యాలి, ఆ తర్వాత మిగతావి వంచుకోవాలి."

చెడ్డ కర్రను అలాగే పారేయకూడదు. ఎవరో ఒకరు బాగుంది కదాని మళ్ళీ తెచ్చి స్టాండులో పెడతారు. అందుకే నెర్రె దగ్గర తడి గోనెసంచి చుట్టి, రెండుగా విరిచేస్తారు. అది కూడా గదిలో ఒక్కరే ఉండి చేసే పని.

"నేను విరుస్తా బాబాయ్. తప్పు నాది కదా. నాకు రెండు కళ్ళున్నాయి."

"ఉన్నాయి కాబట్టే బయటుండు."

"జోడు పగిలింది..."

"గోనె మూడు చుట్లు చుడతాలే. నడు, నడు. పడవాయనొచ్చే టైమవుతోంది."

భుజం పట్టి మెల్లగా గడప దాటించాడు. పిచ్చుక నడవాలో నిలబడి వెనక్కి తిరిగింది. సగం తెరిచిన తలుపులోంచి బాబాయి, ఆయన వెనక స్టాండులో తెల్ల దారాలు కట్టిన కర్రలు, గడియ వేసిన కిటికీ, ఏమీ లేని మేకు కనిపించాయి. నానమ్మ ఉంగరం తన గుప్పిట్లో ఉంది. ఒంటి వేడికి వెచ్చబడింది కూడా.

లోపల టింగ్ మంది.

కాస్త ఆగి, ఇంకోసారి. టింగ్.

పిచ్చుక బాబాయి ముఖంలోకి చూసింది. ఆయన బెదరలేదు. ఆ చప్పుడు ఇవాళ కొత్తగా విన్న మనిషిలా లేడు. కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని, తల కొద్దిగా వెనక్కి తిప్పి, గదిలోకి చూస్తూ, పని మధ్యలో పిలిచినవాళ్ళకు చెప్పినట్టు అన్నాడు.

"వస్తున్నాలే అమ్మా."

తలుపు మూసేశాడు.